రెండో వాన

చిటికెనవేలంత కూడా లేని చేపల కోసం మేడ కట్టి, దానికి ఏసీలు బిగించారంటే కాకినాడలో చాలామంది నవ్వారు. వంజరాలూ పండుగప్పలూ బుట్టలకొద్దీ దిగే ఊరది. "కూరకి రాని చేపని పెంచడమేంటమ్మా?" అని ఆటోవాళ్ళ దగ్గర్నుంచి మేనత్తల దాకా ఆ మేడలో ల్యాబు నడిపే మందాకినిని అడగనివాళ్ళు లేరు. మొదట్లో ఆమె ఓపిగ్గా వివరించేది. తర్వాత్తర్వాత "చూడ్డానికి బావుంటాయని" అనేసి ఊరుకునేది. అందులో అబద్ధమూ లేదు.

నిజంగానే బావుంటాయి. ఆఫ్రికాలో, కామెరూన్ అడవుల్లో, ఎండ నేలకి దిగని చోట పారే సన్నటి వాగుల్లో పుట్టిన జాతి అది. మగచేప ఒళ్ళంతా నెమలికంఠం రంగు, దాని మీద కుంకుమ చుక్కలు, తోకకి రెండంచులా పసుపు పట్టీలు. ఆడచేపకి మాత్రం ఏ రంగూ లేదు, వెలిసిన నేతచీరలా ఉంటుంది. ల్యాబులో అందరూ మగవాటిని పెళ్ళికొడుకులనేవారు. పెళ్ళికొడుకు ఎటు తిరిగితే అటు జనం మూగడం లోకంలో మామూలే గాని, మందాకిని మాత్రం ఆ రంగుల కేసి పెద్దగా చూసేది కాదు. ఆమె మోజంతా ఆ చేప గుడ్డు మీద.

గుడ్డు ఆవగింజంత. తల్లి దాన్ని వాగు ఒడ్డున నానిన ఆకుల మధ్య పెట్టి తన దారిన తాను పోతుంది. వానలు వెనకబడి ఒడ్డు ఎండిపోతే, లోపల సగం తయారైన పిల్ల ఉన్నది ఉన్నట్టు ఆగిపోతుంది. గుండె కొట్టుకోదు. ఒక్క కణం పెరగదు, తరగదు. నెలలు గడిచి మళ్ళీ నీళ్ళు తగిలాక, ఏమీ జరగనట్టు ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజున మందాకినికి అన్నం సహించలేదు. ఆగడం సరే, ఆగమని దానికి చెప్పేదెవరు? ఆ ఒక్క ప్రశ్న వెంట పడి ఆమె పదిహేనేళ్ళు తిరిగింది.

గుడ్లు దాచడానికి ల్యాబుకి కోనసీమ నుంచి కొబ్బరిపొట్టు వచ్చేది. తడిపొట్టులో గుడ్లు కలిపి, సంచుల్లో కట్టి అలమరాలో పెట్టేవారు. కొన్ని నెలలయ్యాక దించి తొట్టిలో వేసి నీళ్ళు పోసేవారు. ఆ రోజుకి 'తొలివాన' అని పేరు. తొలివాన నాడు ల్యాబులో అందరికీ పులిహోర పెట్టించడం ఆనవాయితీ. పులిహోర తినేసరికి తొట్టిలో కనురెప్ప వెంట్రుకల్లాంటి పిల్లలు తిరుగుతూ ఉండేవి. కదలని గుడ్లని చచ్చిన లెక్కలో వేసి పొట్టుతో సహా తీసేసేవారు. ఆ పొట్టంతా మందాకిని సంచిలో ఇంటికి చేరేది. ఎందుకంటే వాళ్ళమ్మ వరహాలమ్మ చామంతి కుండీలకి అదే వాడేది.

"ఇంత బంగారంలాంటి పొట్టు మురిక్కాలవలో పోస్తారా? మీకు చేతులెలా వస్తాయే?" అనేది ఆవిడ.

ఆగమని చెప్పేదేమిటో చివరికి దొరికింది. గుడ్డు లోపలే పుట్టే ఒక చిన్న పదార్థం. దాన్ని తయారుచేసి, ఆగుమందు అని పిలుచుకున్నారు. దానికి విరుగుడుగా, నీళ్ళు తగిలిన కబురు చెప్పే ఇంకో మందు చేశారు. దాని పేరు మామూలుగానే తొలివాన సూది అయిపోయింది. చూలు మేకలకి ఆగుమందు ఇస్తే కడుపులో పిల్ల ఆగింది. తొలివాన సూది వేస్తే లేచింది. నెల ఆలస్యంగా పుట్టిన మేకపిల్ల ఒకటి ల్యాబు వరండాలో గంతులేస్తూ మందాకిని చున్నీ నమిలేసింది. ఒక్క మేక కడుపులో మాత్రం పిల్ల లేవలేదు. మూడు రోజులు చూసి, పోయిందని తేల్చి, తీసేశారు. తీసిన పిల్ల కళ్ళు గాజుగోళీల్లా తేటగా ఉన్నాయి. పోయిన పిల్లకి కళ్ళు ఇలా ఉంటాయా అని మందాకినికి ఒక క్షణం అనిపించింది. కానీ ఆ వేళే ఇంకో రెండు మేకలు ఈనుతున్నాయి. ఆ హడావుడిలో ఆ మాట మనసులోనే అణగిపోయింది.

ఇలా ఉండగా ఆమె చెల్లెలు వాసంతికి మెడ దగ్గర గడ్డ కనిపించింది.

వాసంతికి పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఎక్కని గుడి లేదు, మింగని మాత్ర లేదు. ఇంక లేదులే అనుకుని ఊరుకున్నాక కడుపు పండింది. నాలుగో నెల నిండుతుండగా ఈ గడ్డ. పరీక్షలన్నీ చూసి, డాక్టర్ ఎస్తేరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ క్యాన్సరు డాక్టరు. మేకల ప్రయోగాల్లో మందాకినికి తోడున్న మనిషి కూడా.

"నయమయ్యే రకమేనమ్మా. కాకపోతే కీమో ఇప్పుడే మొదలెట్టాలి. దీనికి వాడే మందు కడుపులో బిడ్డని ఉండనివ్వదు. కాన్పు దాకా ఆగితే ఆ గడ్డ నిన్ను ఉండనివ్వదు" అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాసంతి భర్త గోపాలం హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, గట్టిగా మాట్లాడటం కూడా తెలీని మనిషి. "నాకు వాసంతి కావాలండి" అన్నాడు, గోడకేసి చూస్తూ.

వాసంతి మాత్రం అక్క కేసి చూసింది. "నీ చేపగుడ్డు మందుందిగా అక్కా. అది నాకిచ్చెయ్."

"పిచ్చిదానా, అది ఇంకా మేకల మందే."

"నేనూ ఎనిమిదేళ్ళ నుంచి మందలో మేకనేగా. ఎవరు ఎటు తోలితే అటు పోయాను. ఈ ఒక్కటీ నేను చెప్పినట్టు చెయ్యి."

మందాకినికి కోపమొచ్చింది, భయమేసింది, అంతలోనే ఆ రెంటి అడుగున్నుంచి ఆ పాత కుతూహలం తల ఎత్తింది. కీమో మందు పెరుగుతున్న కణాన్ని వెతికి చంపుతుంది. క్యాన్సరు కణం పెరుగుతుంది గనుక చస్తుంది, బిడ్డా పెరుగుతుంది గనుకే చస్తుంది. మరి బిడ్డ పెరగడం మానేస్తే?

ఆమె తలెత్తేసరికి ఎస్తేరు కూడా అదే ఆలోచిస్తోంది. "ఆగిన బిడ్డ జోలికి మందు పోదు" అంది మెల్లగా. "పోకూడదు. మేకల్లో పోలేదు."

అనుమతుల కోసం పది రోజుల్లో తిరిగిన తిరుగుళ్ళు చెప్పుకుంటే అదో భారతం. అడ్డం చెప్పిన పెద్దలందరికీ వాసంతి ఒకటే సమాధానం ఇచ్చింది: ఈ మందు లేకపోతే బిడ్డ ఎలాగూ దక్కదు గదా, దక్కే దారి ఒకటుంటే ఎందుకు ఆపుతారు? ఆషాఢం సగంలో ఉండగా సంతకాలు పడ్డాయి.

ఆస్పత్రికి వెళ్ళే ముందురోజు వరహాలమ్మ పెరట్లో గోరింటాకు దూసి, మిక్సీ వద్దని, సన్నికల్లు మీద మెత్తగా నూరింది. ఆషాఢంలో ఆడపిల్ల చేతికి గోరింటాకు లేకపోవడం ఆవిడ ఊహకి అందని సంగతి. వాసంతి పది వేళ్ళకీ గోళ్ళు మునిగేలా టోపీలు పెట్టి, తనూ పెట్టుకుని, వద్దంటున్నా మందాకినికీ రెండు వేళ్ళకి అంటించింది.

"ఆషాఢంలో కొత్త జంటని ఎందుకు విడదీస్తారనుకున్నావే?" అంది, ముద్ద అద్దుతూ. "పిల్లలు రోళ్ళు పగిలే ఎండల్లో పుట్టకూడదని. కాలం చూసుకుని కనాలి. మీ ఆఫ్రికా చేపకీ ఆ తెలివుందన్నమాట."

"చేప ఆషాఢం పాటిస్తుందంటావా?" అని నవ్వింది మందాకిని.

"పాటించకపోతే ఇన్నాళ్ళు బతికి బట్టకడుతుందా?"

గుమ్మంలో కూర్చున్న గోపాలం నవ్వలేదు. "మా ఐసులో పెడితే చేప ఆగిపోద్దండి వదినగారూ. కానీ మళ్ళీ లేవదండి" అన్నాడు. గోరింటాకు వాసన ఇల్లంతా నిండింది.

మర్నాడు సూది వేశారు. స్కానింగ్ యంత్రంలో బిడ్డ గుండె టకటకా వినిపిస్తోంది. చూస్తుండగా ఆ చప్పుడు నెమ్మదించింది. ఎడమయింది. ఇంకా ఎడమయింది. ఆ తర్వాత లేదు. మేకల్లో ఈ గీత తిన్నగా పడినప్పుడు మందాకిని చప్పట్లు కొట్టింది. ఇవాళ ఆమె చేతులు ఒళ్ళోంచి లేవలేదు. గోపాలం లేచి బయటికి పోయాడు. వాసంతి మాత్రం తెర కేసి చూస్తూ, "పడుకో నాన్నా" అంది.

కీమో మొదలైంది. జుట్టు పోయింది, రుచి పోయింది, మెట్లెక్కే ఓపిక పోయింది. అవన్నీ వస్తాయని తెలిసినవే కాబట్టి వాసంతి పళ్ళ బిగువున తట్టుకుంది. ఆమె తట్టుకోలేకపోయింది ఇంకోటి. పొట్ట కాస్త ఎత్తుగా కనిపించేది. వార్డు ఆయా కనకం మొదటి రోజే అడిగింది: "ఎన్నో నెలమ్మా?"

వాసంతికి ఏం చెప్పాలో తెలియలేదు. నాలుగు నిండి అక్కడే ఉంది. శ్రావణం వచ్చినా నాలుగే, భాద్రపదం వచ్చినా నాలుగే. ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. కొన్నాళ్ళు "ఆగిన నెల" అని నవ్వింది. తర్వాత ఆ ప్రశ్న వినబడితే మొహం గోడకి తిప్పుకోవడం మొదలుపెట్టింది. వరహాలమ్మకి సీమంతం ఎప్పుడో చెప్పుకునే వీలు లేదు, సారె సామాను కొనే వీలు లేదు. పంచాంగం తీసి మళ్ళీ పెట్టేసేది.

"కడుపులో బరువుందక్కా, మనిషి లేదు" అంది వాసంతి ఒకరోజు. "ఇదివరకు మాట్లాడేదాన్ని. ఇప్పుడు మాట్లాడబోతే సిగ్గేస్తోంది, ఖాళీ ఇంట్లో పిలిచినట్టు."

మందాకిని చెల్లెలి తల నిమిరింది. నిమరడానికి జుట్టు లేదు. ఇరవై రకాల పరీక్షలు చేసింది గాని, ఆగిన బిడ్డని మోసే తల్లికి ఎలా ఉంటుందో తెలుసుకునే పరీక్ష ఒక్కటీ చేయలేదు. మేకల్ని అడగలేదు, అడిగినా చెప్పేవి కావు. ఆ తప్పు ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

"ఒక్కటే సుఖం" అంది వాసంతి, అక్క మొహం చూసి మాట మారుస్తూ. "గోళ్ళు కత్తిరించుకునే పనే లేదు."

"కీమోలో మామూలేలే" అంది పక్కనే కాగితాలు చూస్తున్న ఎస్తేరు.

ఆశ్వయుజం మధ్యలో కీమో అయిపోయింది. కార్తీకం వచ్చేసరికి వాసంతి తల మీద నూగు జుట్టు మొలిచింది. పరీక్షల్లో గడ్డ జాడ లేదు. డాక్టర్ ఎస్తేరు అంతటి మనిషి నర్సుని వాటేసుకుంది. గోపాలం హార్బరంతా మిఠాయి పంచాడు. ఇంక మిగిలింది తొలివాన.

సూది వేసిన రోజున ల్యాబులోవాళ్ళు పులిహోర చేయించి పంపారు. ఎవరూ ముట్టుకోలేదు. యంత్రంలో చప్పుడు లేదు. సాయంత్రమూ లేదు, మర్నాడూ లేదు. ఆగుమందు ఇంకా రక్తంలో మిగిలి ఉందేమోనని వెతికారు. చుక్క లేదు, విరుగుడు దాన్ని తుడిచిపెట్టేసింది. మందు లేదు, బిడ్డ లేవలేదు. మూడో రోజు ఎస్తేరు మందాకినిని వరండాలోకి పిలిచింది.

"మూడు రోజులే చూడాలని మనమే నియమం రాసుకున్నాం. పోయిన బిడ్డని లోపల ఉంచితే తల్లి రక్తం విషమవుద్ది. అసలే ఒంట్లో బలం లేదు. రేపు పొద్దున్నే తీసేద్దాం."

మందాకిని తలూపింది. ఆమెకి ఏడుపు కూడా రాలేదు. చెల్లెల్ని బతికించింది నిజమే. కానీ అది అడిగింది ఇది కాదు. ఇప్పుడు లోపలికి వెళ్ళి ఈ మాట చెప్పాల్సింది తనే. చెప్పలేకపోయింది. బట్టలు తెస్తానని అబద్ధం చెప్పి ఇంటికి బయల్దేరింది.

బంగాళాఖాతంలో అల్పపీడనం. రెండు రోజులుగా ముసురు వదల్లేదు, అప్పుడే కాస్త తెరిపిచ్చింది. పెరట్లో వరహాలమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని, చెంబుతో పాత రుబ్బురోట్లోంచి నీళ్ళు తోడిపోస్తోంది.

"ఏమైందే?" అంది కూతుర్ని చూసి. మందాకిని మొహమే చెప్పేసింది. ఆవిడ ఏదో ఒక పని చేయకపోతే కూలబడిపోతానన్నట్టు మళ్ళీ రోటి మీదకి వంగింది. "దీన్నిండా దోమపిల్లలు. ఈ ముసురుకి..."

మందాకిని ఊరికే అటు చూసింది. రోట్లో నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. వాటిలో కదులుతున్నవి దోమపిల్లలు కావు. దోమపిల్ల తలకిందులుగా వేలాడుతూ మెలికలు తిరుగుతుంది. ఇవి తిన్నగా ఈదుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ ఈదుతున్నాయి.

"అమ్మా, ఆగు! ఒక్క చుక్క తియ్యకు."

ఆమె బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. రోటి అడుగున కొబ్బరిపొట్టు. "ఇది ఎప్పటిది?"

"భాద్రపదంలో నువ్వు తెచ్చిందే. కుండీలకి ఎక్కువైతే రోట్లో పోసి యూరియా గోనె కప్పాను. మొన్న గాలికి గోనె ఎగిరిపోయింది."

భాద్రపదంలో తొలివాన పోసి, కదల్లేదని, చచ్చాయని తీసేసిన గుడ్లవి. ఆ తర్వాత గోనె కింద నీడలో ఆరాయి. మళ్ళీ ఇప్పుడు తడిశాయి. లేచి ఈదుతున్నాయి. మందాకిని ఎంతసేపు వాటిని చూస్తూ ఉండిపోయిందో ఆమెకే తెలీదు. ఆ కాసేపు ఆస్పత్రి లేదు, చెల్లెలు లేదు, ఆ చిన్నచిన్న తోకలే ఉన్నాయి. ఆ సంగతి తట్టగానే సిగ్గుతో చచ్చిపోయింది. చెల్లెలు అక్కడ అలా ఉంటే నేనిక్కడ చేపలు చూస్తున్నానా?

అదే క్షణాన ఆ రెండూ ఒకటేనని అర్థమైంది.

"ఇవెందుకు అప్పుడు లేవలేదమ్మా?" అంది, తల్లినే అడుగుతున్నట్టు, తనలో తను అనుకుంటున్నట్టు.

"నాకేం తెలుసే? అన్నీ ఒకేసారి లేస్తే దొంగవాన పడ్డప్పుడు గతేంటి? రెండ్రోజులు కురిసి మొహం చాటేస్తే అన్నీ పోవూ? మా నాన్న తొలకరికి గింజలన్నీ చల్లేవాడా? కొన్ని గాదెలోనే ఉంచేవాడు." ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తింది.

మందాకిని ఆ చేతి కేసి చూసింది. ఆషాఢపు గోరింటాకు. గోరు కొసన మాత్రం సన్నటి ఎర్ర నెలవంక మిగిలింది. కిందంతా కొత్త గోరు, తెల్లగా. తన రెండు వేళ్ళు చూసుకుంది. అక్కడా అంతే. పొద్దున్న దుప్పటి మీద వాసంతి చెయ్యి పట్టుకుంది తను. పది గోళ్ళూ మొదలంటా ఎర్రగా ఉన్నాయి, నిన్న పెట్టినట్టు. కీమో అయిపోయి ఎన్నాళ్ళయింది? తల మీద జుట్టు మొలిచింది గదా! గోళ్ళెందుకు మొలవలేదు?

ఆగుమందు పని మొదలుపెడుతుంది, అంతవరకే. ఆ తర్వాత ఆగమనే మాట గుడ్డయినా బిడ్డయినా తనకి తానే చెప్పుకుంటుంది. ఆ మాట కాస్త తల్లి ఒంట్లోకీ జారితే? అది జుట్టుని పట్టించుకోక, గోళ్ళని మాత్రం పట్టుకుంటే? పోయిన బిడ్డ ఏ మాటా చెప్పదు. వాసంతి గోళ్ళు ఇంకా ఆగి ఉన్నాయంటే, లోపల ఎవరో ఇంకా చెబుతూనే ఉన్నారు.

గాజుగోళీల్లాంటి ఆ మేకపిల్ల కళ్ళు గుర్తొచ్చాయి. అదీ చావలేదు, ఆగి ఉందంతే. "చెంబు ముట్టుకోకు, నీళ్ళు పారబోయకు" అని అరిచి, బురదకాళ్ళతోనే ఆటో ఎక్కింది.

వాసంతి రక్తాన్ని మళ్ళీ పరీక్షించారు. ఇదివరకు వాళ్ళు వెతికింది తాము చేసిన మందు కోసం. దానికి గుర్తుపట్టడానికి తోకలాంటి చిన్న అణువొకటి తగిలించి ఉంటుంది. తోకలేనిదాని కోసం, బిడ్డ తనంతట తాను చేసుకునేదాని కోసం ఎవరూ వెతకలేదు. వెతికితే దొరికింది. కొంచెమే, కానీ ఉంది. డాక్టర్ ఎస్తేరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, గోడకున్న సిలువ కేసి చూసి, మర్నాటి ఆపరేషన్ కొట్టేసింది.

వాసంతికి చెప్పాల్సింది మాత్రం ఇంకా కష్టమైంది.

"ఉంది. పోలేదు. నీ గోళ్ళని పెరగనివ్వనిది అదే" అంది మందాకిని. "కానీ లేవాలంటే ఇంకోసారి ఆరబెట్టాలి. మళ్ళీ ఆగుమందు ఇచ్చి, మళ్ళీ వాన. గుడ్డుకైనా బిడ్డకైనా సద్దిమూట చిన్నదే వాసూ. ఆగి ఉన్నా కొంచెం కొంచెం ఖర్చవుతూ ఉంటుంది. రెండో వానకీ లేవకపోతే మూడోదానికి ఏమీ మిగలదు. మధ్యలో పోతే నీకూ ప్రమాదమే. అలా అవుతుందో లేదో నాకు తెలీదు. ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు. నేను చూసిందల్లా మన పెరటి రోట్లోనే."

"వద్దులే వాసంతీ" అన్నాడు గోపాలం. "నువ్వు దక్కావు. చాలు."

వాసంతి చాలాసేపు తన గోళ్ళనే చూసుకుంది. తర్వాత పొట్ట మీద చెయ్యి వేసుకుంది. అలా వేసుకోవడం మానేసి చాలా నెలలైంది.

"అయితే ఇన్నాళ్ళూ నా మాట వింటూనే ఉందన్నమాట. నేనే పోయిందనుకుని మాట్లాడ్డం మానేశాను." ఆమె ఏడ్చింది. కీమో అంతటికీ ఏడవని మనిషి, ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "దానికి తొలివాన మీద నమ్మకం కుదరలేదు. తప్పేముంది? ఎనిమిదేళ్ళు ఆలోచించుకుని వచ్చింది, దానికి తొందరెక్కడిది? ఇంకో వాన పోయండి" అంది.

గోపాలం కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వదిలి ఫ్యాక్టరీకి వెళ్ళనే లేదు.

వారం ఆరబెట్టి రెండో వాన సూది వేశారు. యంత్రంలో చప్పుడు లేదు. ఎస్తేరు పొద్దునా సాయంత్రం వచ్చి, చూసి వెళ్ళిపోయేది. ఈసారి పులిహోర ఎవరూ పంపలేదు. వరహాలమ్మ ఇంటి దగ్గర రోట్లో పిల్లలకి కోడిగుడ్డు పచ్చసొన పొడి చల్లుతూ, "మీ చెల్లి లేవడం లేదర్రా, ఎలా లేవాలో చెప్పండి" అని వాటితో మాట్లాడుతోందని పక్కింటావిడ మందాకినికి ఫోన్ చేసి చెప్పింది. మందాకిని నవ్వబోయి నవ్వలేకపోయింది. ఆమెకి తెలిసిన శాస్త్రమంతా అయిపోయింది. ఇంక చేయగలిగింది, కుర్చీలో కూర్చుని చెల్లెలి మాటలు వినడమే. వాసంతి పొట్టతో ఆపకుండా మాట్లాడుతోంది. హార్బరు గురించి, ఐసు గురించి, నాన్న గుర్రు గురించి, ముసురు ఆగలేదని, ఇది దొంగవాన కాదని, నిజం వానేనని.

ఎండ పొడ వచ్చిన ఒక ఉదయం గోపాలం వంగి, భార్య బొటనవేలిని కిటికీ వెలుతురుకి తిప్పాడు.

"వదినగారూ, ఇదేంటో ఓసారి చూడండి. గోరింటాకు పెచ్చు లేచిందాండి?"

మందాకిని చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఎరుపుకీ చర్మానికీ మధ్య, గోరు మొదట్లో, వెంట్రుకంత తెల్లగీత. చూపుడువేలికీ ఉంది. చిటికెనవేలికీ ఉంది. ఆమె పది వేళ్ళూ ఒక్కొక్కటే చూసింది. పదింటికీ ఉంది.

బిడ్డయినా పోయి ఉండాలి, లేదా ఆగమనే మాట మానేసి ఉండాలి. ఆ రెంటిలో ఏదో గోరు చెప్పలేదు. "ఎస్తేరుగారిని పిలవండి" అంది. గోపాలం పరిగెత్తి పిలుచుకొచ్చాడు. చల్లటి జెల్లు రాసి, యంత్రాన్ని పొట్ట మీద ఆనించి, ఆవిడ ఒకచోట ఆపింది. ఇంకోచోట ఆపింది. గదిలో ఏమీ వినబడలేదు.

అప్పుడు టక్ మని ఒక్కటి. చాలా ఎడం. మళ్ళీ ఒకటి. దారి మరిచిపోయిన మనిషి ఒక్కో ఇల్లూ గుర్తుపడుతున్నట్టు, తడుముకుంటూ, ఆగుతూ. తర్వాత రెండు కలిశాయి, నాలుగు కలిశాయి. టకటకా టకటకా గదంతా నిండిపోయింది.

గోపాలం నేల మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. ఎస్తేరు "స్తోత్రం, స్తోత్రం" అంటోంది. మందాకిని వరండాలోకి వచ్చి అమ్మకి ఫోన్ చేసింది. మాట రాలేదు. "ఏమైందే? మాట్లాడవే!" అని అవతల అమ్మ అరుస్తుంటే, ఫోన్ తీసుకెళ్ళి యంత్రం పక్కన పెట్టింది. అవతల అరుపు ఆగిపోయింది.

అదే సమయానికి, ఇవేమీ తెలియని కనకం దుప్పట్లు మార్చడానికి లోపలికొచ్చింది. ఏడుస్తున్న మొగుణ్ణీ, నవ్వుతున్న డాక్టర్నీ చూసి, ఏం మాట్లాడాలో తోచక, అలవాటు కొద్దీ పాత ప్రశ్నే అడిగేసింది.

"ఎన్నో నెలమ్మా?"

అడిగాక నాలిక కరుచుకుంది. కానీ వాసంతి మొహం గోడకి తిప్పుకోలేదు.

"నాలుగు నిండాయి కనకం" అంది. "ఇవాళ ఐదు పడింది."